సన్‌ఫిష్ అనే చిన్న మంచినీటి చేపల కోసం అక్రిలిక్ ఫోటో బాక్స్ (చేపని నీళ్లలో ఉంచి పక్క నుంచి ఫోటో తీసే సన్నటి పారదర్శక డబ్బా) చేయించుకున్నా, పని చాలా బాగుంది

బెంగళూరు సిటీ మార్కెట్ వైపు నేమ్‌బోర్డులు చేసే చిన్న అక్రిలిక్ షాప్‌లో చేయించా. ఆన్‌లైన్‌లో చూసిన రెడీమేడ్‌వన్నీ వెడల్పు ఎక్కువ, చేప లోపల గిరగిరా తిరిగేస్తుంది, ఫోటోలో మూతి తప్ప ఏం పడదు. రెండంగుళాల సందుంటే పక్కవాటంగా నిలబడుతుంది, నాక్కావాల్సింది అదే. షాపాయన తెలుగాయనే, "చేప ఎంతుంటదన్నా" అని అరచేతి మీద కొలత చూపించమన్నాడు. క్లోరోఫామ్‌తో అతికించి, నీళ్లు నింపి పేపర్ మీద రాత్రంతా వదిలేసి, చెమ్మ లేదని చూపించాకే డబ్బులు తీసుకున్నాడు.

తూర్పు టెక్సస్‌లో అక్కావాళ్లింటికి వెళ్తూ తీసుకెళ్లా, అక్కడ దీని విలువ తెలిసింది. అక్కడి వాగుల్లో డాలర్ సన్‌ఫిష్ అని నాలుగైదంగుళాలకి మించని చేప, లాంగియర్ సన్‌ఫిష్ పిల్ల పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. రెండింటికీ బుగ్గల మీద నీలి గీతలు, మొప్ప చివర నల్లటి చెవిలాంటి పొర, దానికి లేత అంచు. చేత్తో పట్టుకుంటే రెక్కలు ముడిచేస్తుంది, బాక్స్‌లో వేసి కాసేపు ఆగితే అన్నీ విప్పేస్తుంది. అప్పుడు ఫోన్‌లో జూమ్ చేసి మొప్ప వెనక రెక్కలో ఈనెలు లెక్కపెట్టాలి, డాలర్‌కి మామూలుగా 12, లాంగియర్‌కి 13, 14 అలా ఉంటాయి. డాలర్ నల్లచెవి మీద వెండి పచ్చ చుక్కలు కూడా కనపడతాయి, ఎంత అందంగా ఉంటాయో! బ్లూగిల్ అనే ఇంకో సన్‌ఫిష్‌ని గుర్తుపట్టడం ఈజీ, చెవి మొత్తం నలుపే, వీపు రెక్క చివర నల్ల మచ్చ.

పట్టడానికి 12 నంబర్ హుక్, చిన్న బెండు, వానపాము ముక్క చాలు. పెద్ద హుక్ వేస్తే ఎర కొరుక్కుని పోతాయి. బెండు వణుకుతుంటే లాగొద్దు, పక్కకి నడవడం మొదలెట్టాక మెల్లగా ఎత్తండి. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, లేకపోతే ఒంటి మీద జిగురు పోతుంది. చుట్టంచూపుగా వెళ్లినవాళ్లకి కూడా అక్కడ ఫిషింగ్ లైసెన్స్ కావాలి.

బాక్స్‌కి మూత లేదు, ఎగిరే చేపలతో కష్టమే. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, నీళ్లు పోసి కడగడమే మేలు. ఎండలో పెట్టొద్దు, నీళ్లు తొందరగా వేడెక్కుతాయి. 700 అయింది, రెడీమేడ్ కంటే చాలా తక్కువ. కొలతలు కాగితం మీద గీసుకుని వెళ్లండి, మూత కావాలంటే ముందే చెప్పండి. బావకి ఇంకోటి మూతతో చేయమని షాప్‌లో చెప్పి వచ్చా.