నాటిలస్ స్క్రిప్ట్స్ మెనూ: పని బాగానే చేస్తుంది, తప్పు జరిగితే మాత్రం నోరు విప్పదు

లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో 'ఫైల్స్' పేరుతో ఉండే ఫైల్ మేనేజర్ నాటిలస్. దాని కుడి క్లిక్ మెనూకు మన సొంత షెల్ స్క్రిప్టులు (కమాండ్లు వరుసగా రాసిన ఫైళ్లు) చేర్చుకోవచ్చు. ప్లగిన్ వేయక్కర్లేదు, సెట్టింగ్స్ వెతకక్కర్లేదు. మామూలు బాష్ (లినక్స్ షెల్) ఫైలు ఒకటి సరైన ఫోల్డర్‌లో పెట్టి, నడిచే అనుమతి ఇస్తే చాలు. రోజూ పది పీడీఎఫ్‌ల సైజు తగ్గించాల్సినవాళ్లకు ఇంతకన్నా తేలిక దారి లేదు.

హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగున్న ఫోల్డర్లు బయటపడతాయి. ముందు చుక్క ఉన్న 'లోకల్', అందులో 'షేర్', అందులో 'నాటిలస్', చివరికి 'స్క్రిప్ట్స్': ఫైలు ఉండాల్సింది ఇక్కడే. సీహెచ్‌మోడ్ కమాండ్‌తో ఎగ్జిక్యూట్ పర్మిషన్ (నడిచే అనుమతి) ఇవ్వకపోతే అది మెనూలోకి రాదు. ఫైలు పేరే మెనూలో కనిపిస్తుంది కాబట్టి 'పీడీఎఫ్ తగ్గించు' అని తెలుగులోనే పెట్టుకోండి. లోపల ఇంకో ఫోల్డర్ పెడితే అది ఉపమెనూ అవుతుంది. విండోస్ ఎడిటర్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్ మెనూలో కనిపించినా నడవదు. వరుసల చివర మిగిలిన క్యారేజ్ రిటర్న్ (విండోస్ పెట్టే కనిపించని గుర్తు) వల్ల మొదటి వరుసలోని షెల్ పేరు తప్పుగా చదవబడుతుంది. డాస్‌టుయునిక్స్ అనే కమాండ్‌తో శుభ్రం చేయాలి.

ఎంచుకున్న ఫైళ్ల పేర్లు స్క్రిప్ట్‌కు ఆర్గ్యుమెంట్లుగా వస్తాయి. డాలర్, ఎట్ గుర్తులను డబుల్ కోట్స్‌లోనే రాయాలి, లేకపోతే 'ఆధార్ కాపీ' రెండు ఫైళ్లుగా విడిపోతుంది. పూర్తి పాత్‌లు (ఫోల్డర్లతో సహా ఫైలు చిరునామాలు), యూఆర్ఐలు (వెబ్ చిరునామా రూపంలోనివి) వేర్వేరు వేరియబుల్స్‌లో కూడా అందుతాయి. తెలుగు పేర్లున్నవాళ్లు పాత్‌లనే వాడాలి. యూఆర్ఐలో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడు బైట్ల చొప్పున తొమ్మిది గుర్తుల శాతం కోడ్‌గా మారిపోతుంది. లినక్స్ డిస్కుల్లో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు, అంటే గుణింతాలతో కలిపి 85 తెలుగు గుర్తులు. పొడుగు పేరుకు స్క్రిప్ట్ 'చిన్నది' అని తోక తగిలిస్తే ఆ హద్దు దాటవచ్చు.

అసలు లోటు ఒకటుంది. స్క్రిప్ట్ వెనుక టెర్మినల్ ఉండదు. కమాండ్ విఫలమైనా తెర మీద ఏమీ రాదు, క్లిక్ పడిందో లేదో కూడా తెలియదు. అందుకే ప్రతి స్క్రిప్ట్ రెండో వరుసలోనే ఎగ్జెక్ కమాండ్‌తో అవుట్‌పుట్‌ను, ఎర్రర్లను ఒక లాగ్ ఫైలులోకి మళ్లించండి. పని ముగిశాక తెర మీద నోటిఫికేషన్ చూపే నోటిఫై-సెండ్‌తో ఒక మాట చెప్పించండి. ప్రోగ్రెస్ కళ్లారా చూడాలంటే గ్నోమ్ టెర్మినల్‌ను పిలిచి, రెండు అడ్డగీతల తర్వాత బాష్ కమాండ్ ఇవ్వాలి. చివర రీడ్ పెడితే ఎంటర్ నొక్కేదాకా విండో మూసుకోదు. బాష్ సెట్టింగ్స్ ఫైలైన బాష్‌ఆర్‌సీలోని అలియాస్‌లు (కమాండ్లకు మనం పెట్టుకున్న పొట్టి పేర్లు) ఇక్కడ పనిచేయవు, అసలు కమాండే రాయాలి.

పీడీఎఫ్ సైజు తగ్గించడానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ వాడేటప్పుడు 'ఈబుక్' సెట్టింగ్ బొమ్మలను 150 డీపీఐకి (అంగుళానికి చుక్కలు), 'స్క్రీన్' 72కి దించుతుంది. స్కాన్ చేసిన దరఖాస్తులకు ఈబుకే మేలు, 72లో చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అవుట్‌పుట్‌కు మూలం పేరే ఇస్తే మూలం పాడవుతుంది. వేరే పేరుతో రాయించి, సైజులు పోల్చి, నిజంగా తగ్గితేనే ఉంచుకోండి. ముందే బాగా కుదించిన పీడీఎఫ్ ఒక్కోసారి పెరిగి బయటికొస్తుంది. పాత్‌ల జాబితాను వైల్ రీడ్ లూప్‌లో (ఒక్కో వరుస చదివే పద్ధతిలో) చదువుతూ ఆడియో, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడిపితే మరో చిక్కు: అది అదే ఇన్‌పుట్‌ను మింగేసి, మిగతా ఫైళ్లు వదిలేస్తుంది. నో-ఎస్‌టీడీఇన్ ఆప్షన్ చేర్చితే సరిపోతుంది.

ఇంకో అసౌకర్యం, ఏ ఫైలు మీద క్లిక్ చేసినా అన్ని స్క్రిప్టులూ వస్తాయి. పాట మీద కూడా 'పీడీఎఫ్ తగ్గించు' కనిపిస్తుంది, కాబట్టి రకం తనిఖీ స్క్రిప్ట్‌లోనే రాసుకోవాలి. మరో లినక్స్ డెస్క్‌టాప్ ఎక్స్ఎఫ్‌సీఈ వాళ్ల ఫైల్ మేనేజర్ థునార్‌లో కస్టమ్ యాక్షన్స్ ఈ విషయంలో మెరుగు. ఎక్స్‌టెన్షన్‌ను బట్టి మెనూ మారుతుంది. అక్కడ శాతం, పెద్ద ఎఫ్ అంటే ఎంచుకున్న ఫైళ్లన్నీ, చిన్న ఎఫ్ అంటే మొదటిది ఒక్కటే. వాటి చుట్టూ మీరు కోట్స్ పెట్టకండి, థునార్ తనే పెడుతుంది.