మంచు కొండకి ముందు: కళింగపట్నం ఇసుకా, రామతీర్థం మెట్లా?

చలికాలంలో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ఎక్కుతామని బయల్దేరే కుర్రాళ్లు మనవైపూ కనిపిస్తున్నారు. మంచు ముఖం చూడని జిల్లాలు మనవి. మరి ఇక్కడ ఏం సాధన చేసి వెళ్లాలి? సిక్కోలు వాళ్లు ఇసుక అంటారు, విజయనగరం వాళ్లు కొండ అంటారు. ఎవరికి దగ్గరున్నది వాళ్లకి గొప్ప!

ఇసుకలో విషయం ఉంది. లోతు మంచులో వాలు కన్నా ఎక్కువ ఏడిపించేది అడుగు నిలవకపోవడం. బూటు ఆనించి బరువు వేయగానే కుంగుతుంది, సగం వెనక్కి జారుతుంది. కళింగపట్నంలో తడి ఇసుక వదిలేసి, పొడి ఇసుక దిబ్బల మీదకి బ్యాగుతో ఎక్కి చూడండి, అదే తంతు. గట్టి నేల మీద నడకతో పోలిస్తే రెట్టింపు పైనే శక్తి లాగేస్తుంది. కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. ముందువాడి అడుగు గుంటలోనే మన అడుగు వేయడం కూడా అక్కడే అలవాటవుతుంది. మంచులో అందరూ నడిచేది అలాగే. దారి తొక్కేవాడు అలిసిపోతే వెనక్కి వస్తాడు, ఇంకొకడు ముందుకెళ్తాడు.

కానీ ఇసుక దిగడం నేర్పదు. చీకటితో బయల్దేరి, పైకి చేరిన సంబరం అయ్యాక, అలిసిన తొడలతో ఎండకి మెత్తబడ్డ మంచులో దిగాలి. మోకాళ్లు వణికేది అప్పుడే. రామతీర్థం బోధికొండ మెట్లు దిగేటప్పుడు పరుగెత్తకుండా, ఒక్కో మెట్టు మీదా బరువు ఆపుకుంటూ దిగితే ఆ తొడలు తయారవుతాయి.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ సంగతి అడక్కండి. అది కుంగదు, జారదు, పైగా ఏసీ.

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను మెట్లకే ఓటేస్తాను. వీలుంటే చివర్లో ఒకసారి, మందస అవతల ఒడిశాలో ఉన్న మహేంద్రగిరికి నిండు బ్యాగుతో వెళ్లి రావాలి. ఎత్తు 1,501 మీటర్లు. అయితే కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన తీరంలో అందేదానిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. దానికి ఇక్కడ సాధన లేదు. దారిలో రాత్రుళ్లు ఆగుతూ మెల్లగా ఎక్కడమే. తలనొప్పి, వాంతులు మొదలైతే పంతం మాని దిగిపోవాలి.

కొండ వెన్ను మీద ఇంకో టెన్షన్ ఉంది. అంచు చదునుగా, నడవడానికి సుఖంగా కనిపిస్తుంది. గాలి చూరులా పేర్చిన మంచు అది, కింద నేల ఉండదు. ఫొటో కోసమైనా అటు వెళ్లొద్దు, గైడ్ తొక్కిన జాడలోనే నడవండి.