విజయనగరం సంగీత కళాశాల – మా అమ్మాయిని చేర్చాక నా రివ్యూ

ఇంతకు ముందు ఏదో ఆన్‌లైన్ క్లాస్ పెట్టించాం, నెల తిరక్కుండానే పిల్లకి కీర్తన నేర్పేసి వీడియో తీసి పంపారు, శృతి మాత్రం లేదు. ఇక్కడ అలా కుదరదు, సరళీ స్వరాలు (మొట్టమొదట నేర్పే స్వర పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పలికించాకే ముందుకి. వయొలిన్ తల పాదం మీద ఆనించుకుని కూర్చుని కమాను (తీగల మీద లాగే బద్ద) తిన్నగా లాగడం దగ్గరే మా పిల్ల చాలా రోజులు ఆగింది, అదే మంచిది అంటాను.

ఇక హిస్టరీ చెప్పాలంటే, 1919లో విజయరామ గజపతి రాజుగారు పెట్టిన కాలేజీ, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు స్టూడెంట్‌గా చేరదామని వస్తే దాసుగారు వాయిద్యం విని నువ్వు నేర్చుకునేదేంటయ్యా అని ఏకంగా వయొలిన్ ప్రొఫెసర్‌గా పెట్టేశారంట, 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ కూడా ఆయనే! చూపు సరిగా లేని మనిషి, ఆ చెవి ఎలాంటిదో మరి. సర్టిఫికెట్లు చూసి పోస్టులిచ్చే ఈ రోజుల్లో ఇది జరిగే పనేనా చెప్పండి.

ఘంటసాల మాస్టారు వారాలు (రోజుకో ఇంట్లో భోజనం), మధూకరం (ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకోవడం) చేసుకుంటూ చదివింది ఈ ఊళ్ళోనే, గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. గాయని పి. సుశీలమ్మ కూడా ఇక్కడి స్టూడెంటే.

గాత్రం, వీణ, మృదంగం, డాన్స్ అన్నీ ఉన్నాయి. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆ తర్వాత డిప్లొమా ఇంకో రెండేళ్ళు. టీవీ షోల కోసం తొందరగా పాటలు కావాలనుకునేవాళ్ళు మాత్రం రాకండి. నాకైతే ఐదుకి ఐదు.