అంబాజీపేట కోకోపీట్ దిమ్మ, ఊళ్లో చేయించిన సోలార్ పెట్టె

మాది అంతర్వేది వైపు ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్లే. ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు కట్టేశాక శివారు ఊళ్లకి చెరువు నీళ్లే దిక్కు, అవి తాగడానికే సరిపోవు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పు ఎక్కి కొబ్బరి చెట్లే మోడువారుతుంటే పెరట్లో టమాటా ఏం బతుకుతుంది? అందుకే అంబాజీపేటలో మట్టికి బదులు వాడే 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మలు కొన్నాం, వెల్డింగ్ షాపులో ఉప్పునీటిని మంచినీళ్లు చేసే పెట్టె చేయించాం.

దిమ్మ బాగుంది. నీళ్లు పోస్తే పొంగి 70 లీటర్ల దాకా పొట్టు వస్తుంది. తేమ పట్టి ఉంచుతుంది, వేర్లకి గాలి ఆడుతుంది. పొట్టు నింపిన బ్యాగులు తేలిక, మా అత్తయ్యగారే నీడలోకి జరిపేస్తారు. షాపాయన దాచకుండా చెప్పారు: "ఇది మామూలు సరుకండి. పొట్టులో సోడియం, పొటాషియం ఉంటాయండి, మంచినీళ్లతో కడుక్కోవాలండి." ఆ మాట కోసమే మళ్లీ ఆయన దగ్గరే కొంటాను.

పెట్టె అంటే నల్లరంగు వేసిన ట్రే, పైన ఏటవాలు అద్దం. బోరు నీళ్లు ఎండకి ఆవిరై, అద్దానికి పట్టి, గొట్టంలోకి దిగుతాయి. ఉప్పు ట్రేలో మిగులుతుంది. కరెంటు అక్కర్లేదు. కానీ చదరపు మీటరు పెట్టె మంచి ఎండలో కూడా రోజుకి 3 లీటర్లు ఇస్తే గొప్ప. కాపు మీదున్న టమాటా మొక్క ఒక్కటే లీటరు పైన తాగేస్తుంది. ఆస్ట్రేలియాలో పోర్ట్ అగస్టా దగ్గర 2016లో మొదలైన సన్‌డ్రాప్ ఫార్మ్స్ 20 హెక్టార్ల గ్రీన్‌హౌసుల్లో కొబ్బరి పొట్టులోనే టమాటా వేసింది. అక్కడ సముద్రపు నీటిని మంచినీళ్లు చేయడానికి 23 వేల పైచిలుకు అద్దాలు ఎండని ఒక టవర్ మీదికి మళ్లించేలా పెట్టారు. ఆ వీడియోలు చూసి పెట్టె చేయిస్తే నిరాశే. నారుకి, లేదా రెండు మొక్కలకి మాత్రం చక్కగా సరిపోతుంది.

ఈ రెండూ కలిపి వాడేవాళ్లకి ఒక చిక్కు ఉంది. ఆవిరి నీళ్లలో కాల్షియం ఉండదు. పొట్టేమో మనం వేసిన కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. మా తొలి టమాటాలు అడుగున నల్లబడి కుళ్లాయి. పక్కింటి బాబాయిగారు తెగులనుకుని మందు కొట్టమన్నారు. అది కాల్షియం లోటు, మందు అక్కర్లేదండి. కొత్త పొట్టుని కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు వంపేశాం, తర్వాత ఎరువుతో పాటు కాల్షియం, మెగ్నీషియం ఇస్తూ వచ్చాం. కాయలు శుభ్రంగా వస్తున్నాయి, పచ్చిమిర్చి కూడా.

దిమ్మ నిస్సందేహంగా కొనండి. పెట్టె కంటే ముందు మేడ మీది వాననీళ్లు పట్టే ట్యాంకు పెట్టుకోండి, అది అడుగంటే వేసవికి పెట్టె. చేయించేటప్పుడు ఇనుప ట్రే వద్దు, మాదానికి అప్పుడే మూలల్లో తుప్పు మొదలైంది. స్టీలుతో చేయమనండి, పేరుకున్న ఉప్పుని వారానికోసారి కడిగేయండి.