రాజోలు నుంచి పదమూడేళ్ళ వెబ్ పని: ఏవి నిలబడ్డాయి, ఏవి మొరాయించాయి

వెబ్‌సైట్లు కట్టడానికి ముందే అల్లిపెట్టిన కోడు చట్రాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. కొత్తది ఏదైనా రాగానే వారం తిరక్కుండా దాని మీద సమీక్షలు దిగిపోతాయి. వారం వాడకంలో ఏదైనా బాగానే ఉంటుంది, కొత్త అల్లుడిలా. మూడేళ్ళ తర్వాత పాత ప్రాజెక్టు ఫోల్డరు తెరిచి రన్ కొడితే సైటు లేస్తుందా లేదా అన్నదాన్ని బట్టే నేను మార్కులు వేస్తాను. కింద రాసేదంతా ఆ లెక్కలోనే.

నాది రాజోలు. 2012 నుంచి ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు కడుతున్నాను. అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడు, కడియంలో ఒక నర్సరీ, భీమవరం వైపు రొయ్యల మేత అమ్మే డీలరు, రెండు కల్యాణమండపాలు, ఇలాంటి పార్టీలు. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్, ఒక ఇన్వర్టరు, ఫోన్ హాట్‌స్పాట్, ఇదే ఆఫీసు. పెద్ద కంపెనీల్లో చేసేవాళ్ళకు నా అభిప్రాయాలు కొన్ని నచ్చకపోవచ్చు. అక్కడ పాత కోడుకు కాపలా కాసే మనుషులు వేరే ఉంటారు. ఇక్కడ కట్టేదీ నేనే, కాపలా కాసేదీ నేనే.

మొదట రియాక్ట్ సంగతి. తెర మీద పేజీని ముక్కలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఇది, అంటే బ్రౌజర్‌లో నడిచే భాషలో రాసిపెట్టిన రెడీమేడ్ కోడు. ఫేస్‌బుక్ వాళ్ళు 2013లో దీన్ని బయటకు వదిలారు. నేను అయిదేళ్ళు ఆలస్యంగా పట్టుకున్నాను. కడియం నర్సరీ బాబాయ్ గారికి మొక్కల కేటలాగ్ 2019లో దీంతోనే కట్టాను. అప్పట్లో క్రియేట్ రియాక్ట్ యాప్ అని ఒక కమాండ్ ఉండేది. కొడితే చాలు, అన్నీ అమర్చి చేతికిచ్చేది. లోపల ఏం అమర్చిందో చూసే అవసరం రాలేదు. చూడాలని నాకూ అనిపించలేదు.

2023 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఆయన ఫోన్ చేశారు. "అబ్బాయ్, అడీనియం రేట్లు మారాయి. బోన్సాయ్‌లకి వేరే పేజీ పెట్టాలి. పండగలోపు అయిపోద్దా?"

"ఎంతసేపండీ బాబాయ్ గారూ, సాయంత్రానికి పెట్టేస్తాను" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మధ్యలో ల్యాప్‌టాప్ మారింది, అందులో కొత్త నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఎక్కించి ఉంది. రన్ కొడితే 'డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్, అన్‌సపోర్టెడ్' అంటూ తెర నిండా ఎర్రక్షరాలు. మొక్కల సైటుకీ కవర్లకీ ఏం సంబంధమో కాసేపు అర్థం కాలేదు. తవ్వితే తేలింది ఇదీ: నోడ్ 17 నుంచి లోపల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 అనే భద్రతా లైబ్రరీ ఉంటుంది. అది ఎండీ4 అనే పాతకాలపు హాష్‌ను, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి గుర్తు తీసే లెక్కను, మామూలుగా దగ్గరకు రానివ్వదు. నా ప్రాజెక్టులో ఫైళ్ళన్నిటినీ మూటగట్టే వెబ్‌ప్యాక్ 4 మాత్రం ఫైళ్ళకు గుర్తులు వేసుకోవడానికి సరిగ్గా ఆ ఎండీ4నే వాడుతుంది. రియాక్ట్ తప్పు ఇందులో గోరంత లేదు. నేను చేసిన తప్పల్లా ఏ నోడ్ వెర్షన్ మీద కట్టానో ఎక్కడా రాసిపెట్టుకోకపోవడం. నోడ్ వెర్షన్లు మార్చే ఎన్‌వీఎంతో పాత నోడ్ 14 దింపాను. అది దిగాక ఇంకో రెండు ప్యాకేజీలు (బయటివాళ్ళు రాసిన కోడు మూటలు) అలిగాయి. వాటిని బతిమాలి, భోగి మంట వేసే వేళకు బోన్సాయ్ పేజీ ఎక్కించాను. గంట పనికి మూడు రోజులు పట్టింది. బాబాయ్ గారికి ఈ గొడవేదీ చెప్పలేదు. చెబితే ఆ మూడు రోజులకూ డబ్బులు అడుగుతున్నాననుకుంటారు.

రియాక్ట్‌కు న్యాయం చేయాలంటే ఇంకో మాట చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో హుక్స్ అనే కొత్త రాత పద్ధతి వచ్చాక అందరూ దాని మీదకు మారిపోయారు. అయినా అంతకుముందు క్లాసులనే పాత పద్ధతిలో రాసిన నా కాంపొనెంట్లు (పేజీ ముక్కలు) ఒక్క అక్షరం మార్చకుండా ఇప్పటికీ నడుస్తున్నాయి. పాత వాడకందారును రోడ్డు మీద వదిలేయని గుణం దానికుంది. ఇబ్బంది ఎప్పుడూ దాని చుట్టూ చేరే బలగంతోనే. క్రియేట్ రియాక్ట్ యాప్‌ను కొత్త ప్రాజెక్టులకు వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్ళే చెప్పేశారు. నేను అంతకుముందే అదే పని చేసే వీట్‌కు మారాను. ఫ్రెంచిలో ఆ మాటకు త్వరగా అని అర్థమట. పేరుకు తగ్గట్టే నా ముసలి ల్యాప్‌టాప్‌లో కూడా కన్నుమూసి తెరిచేలోపు సైటు లేస్తుంది. ఏడాది పాటు దాన్ని 'వైట్' అని పిలిచాను. ఇక్కడ సరిదిద్దేవాళ్ళు ఎవరుంటారు?

రెండో పాఠం రొయ్యల చెరువు గట్టు మీద నేర్చుకున్నాను. మేత డీలరు రోజువారీ రొయ్యల ధరలు చూపించే సైటు అడిగాడు. కిలోకి ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు, కౌంటుకో రేటు. చూడబోతే పది వరసల పట్టిక, అంతే. నేను మాత్రం రియాక్ట్ పెట్టి, గ్రాఫులకు ఒక లైబ్రరీ, తేదీలకు ఒకటి, బొమ్మలకు ఒకటి, బటన్ల సోకుకు ఇంకొకటి తగిలించాను. ఇంట్లో బ్రహ్మాండంగా వచ్చింది. క్రోమ్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి చూశాను, పర్వాలేదనిపించింది. తర్వాత డీలరుతో కలిసి చెరువు దగ్గరకు వెళ్ళాం. ఒక రైతు తన ఫోన్‌లో తెరిచాడు. తెల్లటి తెర. మధ్యలో చక్రం.

"ఏవండీ, ఇది తిరుగుతానే ఉందండీ" అన్నాడు. ఇంకాసేపు చూసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరికో కొట్టి, అరనిమిషంలో నలభై కౌంటు రేటు కనుక్కున్నాడు. డీలరు నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఇంటికొచ్చి తూకం వేశాను. మొత్తం జావాస్క్రిప్ట్ ఒకటిన్నర ఎంబీ. రియాక్ట్ 18, దాన్ని బ్రౌజర్ తెరకు కలిపే రియాక్ట్‌డామ్ రెండూ కలిపి కుదిస్తే సుమారు 45 కేబీ. మిగతా బరువంతా నేను నెత్తికెత్తుకున్నదే. తేదీల లైబ్రరీ ఒక్కటే ప్రపంచంలోని భాషలన్నిటి నెలల పేర్లూ మూటగట్టి తెచ్చింది. పైగా చవక ఫోన్‌లో దిగుమతి ఒక్కటే సమస్య కాదు. దిగిన కోడును చదివి నడపడానికి కూడా ఆ ప్రాసెసరు ఆయాసపడుతుంది. క్రోమ్‌లో నెట్ వేగం తగ్గించినప్పుడు ప్రాసెసరు వేగం కూడా తగ్గించి చూడాలని నాకప్పుడు తట్టలేదు. ఆ మీట కూడా అక్కడే ఉంటుంది.

అదంతా తీసేశాను. సర్వరులోనే పట్టిక తయారుచేసి పంపడం, పైన, పేజీ మొత్తం మళ్ళీ తెరవకుండా కావలసిన ముక్కనే మార్చే హెచ్‌టీఎమ్‌ఎక్స్ అనే చిన్న లైబ్రరీ. కుదిస్తే పదిహేను కేబీ ఉంటుందేమో. సిగ్నల్ లేనప్పుడు నిన్నటి రేట్లయినా కనబడేలా సర్వీస్ వర్కర్ పెట్టాను, అది పేజీని ఫోన్‌లోనే దాచి ఉంచుతుంది. పట్టిక పైన 'ఇవి నిన్నటి రేట్లు' అని ఎర్రగా రాయించాను. లేకపోతే గట్టు మీద బేరాల్లో తగాదాలొస్తాయి.

ఇంగ్లీషు సమీక్షల్లో ఎక్కడా కనబడని ఇబ్బంది ఒకటుంది, తెలుగు అక్షరాలు. కేటలాగ్‌లో పేరు పొడుగ్గా ఉంటే ఏడక్షరాలకు కోసి చుక్కలు పెట్టమని రాశాను. నందివర్ధనం కాస్తా 'నందివర్…' అయి కూర్చుంది. మనం శ్రీ అంటే ఒక అక్షరం అనుకుంటాం. జావాస్క్రిప్ట్ లెక్కలో అది నాలుగు: శ, పొల్లు, ర, ఆపైన దీర్ఘం. ఎక్కడ కోస్తే ఏ ఒత్తు తెగుతుందో తెలియదు. ఇది ఏ ఫ్రేమ్‌వర్క్ మార్చినా పోయే జబ్బు కాదు. కోడులో కోయడం మానేసి, పట్టని భాగాన్ని దాచే పని, పేజీ రూపు దిద్దే సీఎస్ఎస్‌కు అప్పగించాను, ఒత్తులు బతికాయి. మెచ్చుకోవలసినది కూడా ఒకటుంది. బ్రౌజర్‌లోనే ఉన్న సంఖ్యల ఫార్మాటుకు 'ఇండియా ఇంగ్లీషు' అని చెబితే లక్షను 1,00,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టి చూపిస్తుంది. దీనికోసం కూడా ప్యాకేజీలు దించుకునేవాళ్ళను చూశాను. అందులో నేనూ ఉన్నాను.

లారావెల్ నాకు అన్నం పెట్టే ఫ్రేమ్‌వర్క్, సర్వరులో నడిచే పీహెచ్‌పీ భాషలోది. టేలర్ ఆట్‌వెల్ 2011లో మొదలుపెట్టాడు. నేను 2015లో 5.1 వెర్షన్ నుంచి వాడుతున్నాను. డేటాబేసులో మార్పులన్నీ మైగ్రేషన్ ఫైళ్ళలో వరసగా ఉంటాయి కాబట్టి, నాలుగేళ్ళ కిందట ఏ కాలమ్ ఎందుకు చేర్చానో ఫోల్డరు చూస్తేనే గుర్తొస్తుంది. లాగిన్, మెయిలు, రాత్రి నడిచే పనులు అన్నీ ఒకే ఇంట్లో దొరుకుతాయి. కల్యాణమండపం బుకింగులో ఒకే ముహూర్తానికి ఇద్దరు అడ్వాన్సు కట్టకుండా ఆపే పని, డేటాబేస్ ట్రాన్సాక్షన్ తాళంతో కలిపి, సాయంత్రానికి తెమిలింది.

బరువల్లా ఏటేటా వచ్చే కొత్త వెర్షన్. వెర్షన్ వచ్చిన ఏడాదిన్నర వరకు లోపాలు సరిచేస్తారు, రెండేళ్ళ వరకు భద్రత మరమ్మతులు ఇస్తారు, ఆ తర్వాత మన పాట్లు మనవి. డజనుకు పైగా సైట్లున్న ఒంటరివాడికి అది ఏటా వచ్చే పంట పని. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. వేసవిలో కాలవలు కట్టేసి పూడికలు తీసే రోజుల్లో నేనూ వెర్షన్లు మారుస్తాను. అప్పుడు మా పార్టీలకు కూడా హడావుడి తక్కువ. అప్‌గ్రేడ్ గైడులో పది పదిహేను నిమిషాలు పడుతుందని రాసి ఉంటుంది. నాకు ఆదివారం పోతుంది. పోయేది బయటి నుంచి నేను తెచ్చిపెట్టుకున్న ప్యాకేజీల దగ్గరే.

గూగుల్ వాళ్ళ ఫ్రేమ్‌వర్క్ ఏంగులర్ గురించి ఎక్కువ చెప్పడానికి నాకు అర్హత లేదు. అమీర్‌పేటలో మూడు నెలలు ఫీజు కట్టి దాని మొదటి రూపం ఏంగులర్‌జేఎస్ నేర్చుకున్నాను. 2016లో ఏంగులర్ 2 వచ్చేసరికి పాతదానికీ దానికీ పేరు తప్ప పోలిక లేదు. పాతదానికి 2021 చివరితో గూగుల్ మద్దతు కూడా అయిపోయింది. నోట్సు అటక మీద ఉంది. వ్యూ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ బాగుంటుంది. ఒక ప్రాజెక్టులో వాడాను, కంప్లయింట్ ఏమీ లేదు.

కోడులో ప్రతి మార్పునూ చరిత్రగా దాచే గిట్ మాత్రం వేరు. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక మా జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. నా చేతిలో సగం అయిన పని ఉంది. ఏ సాధనం ఎలాంటిదో అప్పుడు తెలిసింది. బ్రౌజర్‌లో కోడు రాసే ఆన్‌లైన్ ఎడిటర్లు తెరుచుకోలేదు. డిజైను ఫైళ్ళు ఎక్కడో క్లౌడ్‌లో ఉండిపోయాయి, రంగుల నంబర్లు కూడా జ్ఞాపకం నుంచి రాయాల్సి వచ్చింది. గిట్‌లో మాత్రం కమిట్లు (దాచిన మార్పులు), బ్రాంచీలు (కోడు పాయలు), పాత చరిత్ర అంతా నా మెషిన్‌లోనే ఉంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని లినక్స్ కెర్నెల్ పని కోసం రాసినప్పుడు కోనసీమ అతని మనసులో లేకపోవచ్చు గానీ, మాకోసమే రాసినట్టుంది. డెవ్‌డాక్స్ అనే మాన్యువళ్ళ సైటులో పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ పత్రాలను ఎప్పుడో ఆఫ్‌లైన్‌కు దించుకుని ఉన్నాను. అదీ కాపాడింది. ఎప్పుడూ వెతుక్కోవడానికి అలవాటుపడిన ప్రాణం, మాన్యువల్ మొదటి నుంచి చదవడం ఆ రోజుల్లోనే. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు లేకుండా కోడు రాయగలనని అప్పటిదాకా నాకే తెలియదు.

నెట్ కోసం రెండు రోజులకోసారి సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి, గోదావరి దాటించే పంటు ఎక్కేవాణ్ణి. బైకుల మధ్య ల్యాప్‌టాప్ బ్యాగు గుండెకు పట్టుకుని నిలబడితే, నరసాపురం ఒడ్డు దగ్గర పడుతుండగా ఫోన్ టింగుమనేది. ఒడ్డున టీ కొట్టు బల్ల మీద కూర్చుని పుష్ కొట్టేవాణ్ణి, అంటే చేసిన పనంతా సర్వరుకు పంపేవాణ్ణి. "ఏం బాబూ, ఏటవతల మీవాళ్ళెవరికైనా బాగోలేదా?" అని టీ కొట్టాయన ఒకరోజు జాలిగా అడిగాడు. సర్వరు బాగానే ఉందండీ అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఎడిటరుగా వీఎస్ కోడ్ వాడుతున్నాను. ఎక్స్‌టెన్షన్లు పది దాటితే నా ఎనిమిది జీబీ చాలదు, అందుకే ఏడు దగ్గర ఆగాను. గిట్ కోడును ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌లో ప్రైవేటు రిపోజిటరీలు (కోడు ఫోల్డర్లు) 2019లో ఉచితం చేసినప్పటి నుంచి అన్నీ అక్కడే. కృత్రిమ మేధ సహాయకులను రోజూ వాడుతున్నాను. ఎర్రక్షరాల అర్థం చెప్పడంలో గట్టివి. ఆ నోడ్ 17 గొడవ ఇప్పుడొస్తే నిమిషంలో విప్పేస్తాయి. లారావెల్ వెర్షన్ చెప్పకుండా అడిగితే మాత్రం మూడు వెర్షన్ల ముక్కలు కలిపి ఒక పులుసు పెడతాయి. వాసన బాగానే ఉంటుంది.

ఇక జేక్వెరీ. 2006 నాటి జావాస్క్రిప్ట్ లైబ్రరీ, దాని పేరెత్తితే కుర్రాళ్ళు నవ్వుతారు. అంబాజీపేట వర్తకుడి ధరల పేజీ 2013లో దాంతోనూ మామూలు పీహెచ్‌పీతోనూ కట్టాను. అది అన్నేళ్ళూ చెక్కుచెదరలేదంటే అబద్ధం. ఒకసారి హోస్టింగ్ కంపెనీ ఒకటి రాత్రికి రాత్రి పీహెచ్‌పీ 7కు మార్చేసింది. డేటాబేసుతో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను ఆ వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు కాబట్టి తెల్లారేసరికి పేజీ ఖాళీ. ఉదయం ఏడింటికి ఆయన ఫోన్: "కొబ్బరి రేట్లేమీ కనబడట్లేదేంటయ్యా, బజార్లో నవ్వుతున్నారు!" కూర్చుని వాటి బదులుగా ఉన్న మైఎస్‌క్యూఎల్‌ఐకి మార్చాను. టిఫిన్ వేళకు అయిపోయింది. జేక్వెరీ ముక్కలు ముట్టుకోనే లేదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. కురిడీ కొబ్బరిలో గండేరా రకం ఒక్కటే చూపిస్తోంది, గటగట రకం రేటు కూడా పెట్టమన్నాడు. ఫైలు తెరిచాను. ఏ కమాండూ కొట్టలేదు, ఏదీ దించుకోలేదు. ఒక కాలమ్ చేర్చి ఎక్కించాను. ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పదిహేను పాస్‌వర్డు వెతకడానికి.