సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు గేట్‌వేలు: మెట్రిక్, స్టాటిక్ రూట్, పాలసీ రూటింగ్, వీఆర్ఎఫ్... ఏది మేలు?

సర్వర్‌కి రెండో కార్డు తగిలించారు. ఐపీ ఇచ్చారు, లింక్ లైటు వెలిగింది. అదే సబ్‌నెట్‌లో (నేరుగా అందే చిరునామాల గుంపులో) ఉన్న పక్క మెషీన్ నుంచి పింగ్ కొడితే ఠక్కున జవాబొస్తోంది. బయటి నెట్‌వర్క్ నుంచి కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కేబుల్ మార్చారు, స్విచ్ పోర్టు మార్చారు, చివరికి ఫైర్‌వాల్ కూడా ఆపి చూశారు. ఫలితం సున్నా.

ఈ లక్షణాలు కనబడితే నేను కేబుల్ జోలికి పోను, తిన్నగా రూటింగ్ టేబుల్ (ఏ చిరునామాకి ఏ దారో చెప్పే పట్టిక) దగ్గరికే వెళ్తాను. ప్యాకెట్ ఏ కార్డులోంచి లోపలికొచ్చిందో లినక్స్ మామూలుగా గుర్తుపెట్టుకోదు. జవాబు పంపేటప్పుడు "ఇది ఎవరికి వెళ్లాలి?" అని మాత్రమే చూసుకుని, ఆ చిరునామాకి టేబుల్‌లో ఏ దారి ఉంటే ఆ దారిన పంపేస్తుంది. ప్యాకెట్ రెండో కార్డులోంచి వస్తుంది, జవాబు డిఫాల్ట్ గేట్‌వే (విడిగా దారి రాయని ప్యాకెట్లన్నీ వెళ్లే రూటర్) ఉన్న మొదటి కార్డులోంచి పోతుంది. పక్క మెషీన్‌కి పింగ్ పనిచేయడానికి కారణం, దానికి గేట్‌వేతో పని లేకపోవడమే.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. మొదటి కార్డు 192.0.2.10, దాని గేట్‌వే 192.0.2.1. రెండో కార్డు 198.51.100.10, దాని గేట్‌వే 198.51.100.1. డిఫాల్ట్ రూట్ మొదటి దాని మీద ఉంది. బయట 203.0.113.50 అనే క్లయింట్ రెండో కార్డు చిరునామాకి కనెక్ట్ కావాలని చూస్తోంది.

మందు ఎంచుకునే ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. రెండు కార్డుల మీదా ఒకేసారి టీసీపీడంప్ (ప్యాకెట్లని పట్టి చూపే సాధనం) నడపండి. సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) రెండో కార్డులో కనబడి, దానికి జవాబైన సిన్-యాక్ మొదటి కార్డులోంచి పోతుంటే దారులు వేరైపోయాయన్నమాట. ఆ జవాబుని మధ్యలో ఉన్న స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ (ప్రతి కనెక్షన్‌నీ మొదటి నుంచీ గుర్తుపెట్టుకునేది) చంపేస్తుంది, ఎందుకంటే అది సిన్‌ని చూడనే లేదు. లేదా "ఈ సోర్స్ చిరునామా మా లైనుది కాదే" అని అవతలి రూటర్ పారేస్తుంది. రెండో సందర్భం ఇంకా తికమకగా ఉంటుంది: సిన్ వచ్చినట్టు కనబడుతుంది, జవాబు మాత్రం ఏ కార్డులోనూ ఉండదు. సర్వర్ సొంత ఫైర్‌వాల్ కాదని తేలితే, అది దాదాపుగా రివర్స్ పాత్ ఫిల్టర్ పనే. అసలు సిన్నే రాకపోతే మీ సర్వర్ తప్పేమీ లేదు, రూటర్ చూసేవాళ్లతో మాట్లాడండి.

ఈ ఫిల్టర్ గురించి రెండు ముక్కలు. స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే విలువ 1 ఉంటే, "ఈ పంపినవాడికి తిరిగి జవాబివ్వాలంటే నేను ఇదే కార్డు వాడతానా?" అని కెర్నల్ (లినక్స్ మూలభాగం) ప్రశ్నించుకుంటుంది. కాదంటే ప్యాకెట్‌ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. టీసీపీడంప్ ప్యాకెట్‌ని అంతకంటే ముందే పట్టుకుంటుంది కాబట్టి మనకి వచ్చినట్టే కనబడుతుంది. అనుమానం తీరాలంటే కెర్నల్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్ కమాండ్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే కౌంటర్ పెరుగుతోందేమో చూడండి. లేదా లాగ్ మార్షియన్స్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే కెర్నల్ లాగ్‌లో "మార్షియన్ సోర్స్" అని పడుతుంది. అంగారకుడి నుంచి వచ్చిన ప్యాకెట్ అట! పేరు పెట్టినవాళ్లకి హాస్యప్రియత్వం బాగానే ఉంది.

ఇక ఏ దారి మేలో చూద్దాం.

చాలామంది మొదట పట్టుకునేది మెట్రిక్. రెండు గేట్‌వేలనీ డిఫాల్ట్‌గా పెట్టి, ఒకదానికి 100, ఇంకోదానికి 200 ఇచ్చేస్తారు. తేలికైన పనే, కానీ మన సమస్యకి దీనితో సంబంధం లేదు. ఒకే గమ్యానికి, ఒకే ప్రిఫిక్స్ పొడవుతో (చిరునామాలో నెట్‌వర్క్‌ని సూచించే భాగం పొడవు) రెండు రూట్లు ఉన్నప్పుడు ఏది ముందన్నది తేల్చడమే మెట్రిక్ పని. 100 ఉన్నది బతికున్నంత కాలం 200 ఉన్నదాని ముఖం ఎవరూ చూడరు. పోనీ బ్యాకప్‌గానైనా పనికొస్తుందా అంటే, అదీ అంతంతమాత్రమే. కార్డు లింకు పోయి రూట్ టేబుల్‌లోంచి తప్పుకుంటేనే రెండోది పైకొస్తుంది. లింకు వెలుగుతూనే ఉండి, స్విచ్ అవతల గేట్‌వే చచ్చిపోతే మెట్రిక్‌కి తెలియదు. పాపం, ప్యాకెట్లన్నీ ఆ గోతిలోనే పడుతుంటాయి.

రెండో అలవాటు ఫిల్టర్‌ని వదులు చేయడం. విలువ 2 పెడితే ఏదో ఒక కార్డు మీదుగా దారి ఉంటే చాలంటుంది. డిఫాల్ట్ రూట్ ఉన్న సర్వర్‌లో దాదాపు అందరికీ దారి ఉన్నట్టే, అంటే తలుపు బార్లా తీసినట్టే. దీంతో ప్యాకెట్ లోపలికి వస్తుంది, నిజమే. కానీ జవాబు మళ్లీ మొదటి కార్డులోంచే పోతుంది. పైన చెప్పిన రెండో సందర్భం మొదటి సందర్భంగా మారిందంతే, జబ్బు తగ్గలేదు. రెండు దారులూ ఒకే రూటర్‌లో కలిసి, మధ్యలో స్టేట్ చూసేవాళ్లెవరూ లేకపోతే మాత్రం పనైపోతుంది. నేను దీన్ని పరీక్షకి వాడతాను, పరిష్కారంగా వదిలేయను. ఇందులో చాలామంది బోల్తా పడే మెలిక ఒకటుంది: "ఆల్" (అన్ని కార్డులకీ వర్తించేది) కింద ఉన్న విలువ, కార్డు కింద ఉన్న విలువ, ఈ రెంటిలో పెద్దదే చెల్లుతుంది. "ఆల్" 0 చేసి, కార్డు కింద 1 అలాగే ఉంటే ఫిల్టర్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. "ఆపేశాను కదా" అని ఓ పూటంతా వేరే చోట వెతికినవాణ్ణి నేనే.

స్టాటిక్ రూట్‌కి రావాల్సిన గౌరవం రావడం లేదని నాకనిపిస్తుంది. రెండో కార్డు బ్యాకప్ కోసమో, స్టోరేజ్ కోసమో, మేనేజ్‌మెంట్ కోసమో పెట్టినదైతే దాని అవతల ఉన్న నెట్‌వర్క్‌లు ఏవో మీకు ముందే తెలుసు. అలాంటప్పుడు రెండో గేట్‌వేని డిఫాల్ట్‌గా పెట్టాల్సిన అవసరమే లేదు. తెలిసిన నెట్‌వర్క్‌లకి మాత్రం "వీటికి 198.51.100.1 మీదుగా" అని రాసేస్తే చాలు. పొడవైన ప్రిఫిక్స్ ఎప్పుడూ డిఫాల్ట్‌ని గెలుస్తుంది కాబట్టి ఇక్కడ మెట్రిక్ గొడవ రాదు, స్ట్రిక్ట్ ఫిల్టర్ కూడా అభ్యంతరం చెప్పదు. రేపు మీ సీట్లోకి వచ్చేవాళ్లకి టేబుల్ చూడగానే అర్థమవుతుంది. నేను చూసిన సర్వర్లలో ఎక్కువ వాటికి ఇదే సరిపోయింది. రెండో కార్డు డీహెచ్‌సీపీలో (ఐపీని దానంతటదే తెచ్చుకునే పద్ధతిలో) ఉంటే మాత్రం జాగ్రత్త, అడక్కుండానే ఇంకో డిఫాల్ట్ గేట్‌వే తెచ్చి పెడుతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌లో నెవర్ డిఫాల్ట్ అనే సెట్టింగ్ ఉన్నది ఇందుకే. అదే పని చేసే నెట్‌ప్లాన్‌లో అయితే డీహెచ్‌సీపీ ఓవర్‌రైడ్స్ కింద యూజ్ రూట్స్‌ని ఫాల్స్ చేయాలి.

అయితే క్లయింట్లు ఎక్కడినుంచైనా రావచ్చు, రెండు లైన్లూ బయటి ప్రపంచానికే తెరిచి ఉన్నాయి అంటే స్టాటిక్ రూట్లు ఎన్నని రాస్తారు? అక్కడ పాలసీ రూటింగ్ తప్పదు. ఇదేమీ కొత్త విద్య కాదు, 1999లో వచ్చిన లినక్స్ 2.2 నుంచీ ఉన్నదే. గమ్యాన్ని బట్టే కాక, సోర్స్ చిరునామాని బట్టి కూడా టేబుల్ ఎంచుకోమని చెప్పడం ఇందులోని కిటుకు. టేబుల్ 100 అని ఒకటి తెరిచి, అందులో 198.51.100.1ని డిఫాల్ట్‌గా పెట్టండి. తర్వాత "198.51.100.10 నుంచి పోయేవి టేబుల్ 100 చూడాలి" అని ఒక రూల్ రాయండి. వచ్చిన కనెక్షన్‌కి జవాబు సోర్స్ చిరునామా ఎలాగూ ఖరారై ఉంటుంది కాబట్టి, ఆ జవాబు వచ్చిన కార్డులోంచే పోతుంది. రివర్స్ పాత్ ఫిల్టర్ కూడా తన లెక్క వేసేటప్పుడు ఈ రూల్‌ని చూస్తుంది. అందువల్ల దాన్ని స్ట్రిక్ట్‌లోనే ఉంచుకోవచ్చు. మెట్రిక్ ఇవ్వలేనిదీ, ఫిల్టర్ వదులు చేస్తే రానిదీ ఇదే.

పాలసీ రూటింగ్‌లో గుంటలు లేవని కాదు. మొదటిది, టేబుల్ 100లో సొంత సబ్‌నెట్ రూట్ కూడా పెట్టడం మర్చిపోతారు. అప్పుడు పక్కనే ఉన్న మెషీన్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్ గేట్‌వే దాకా వెళ్లి చుట్టూ తిరిగొస్తుంది. రెండోది, సర్వర్ తానుగా మొదలుపెట్టే కనెక్షన్లు. వాటికి ఇంకా సోర్స్ చిరునామా లేదు కదా, రూల్ వర్తించదు. ముందు మెయిన్ టేబుల్ చూసి దారి ఎంచుకుని, ఆ తర్వాతే సోర్స్ తగిలిస్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ రెండో లైనులోంచే బయటికి పోవాలంటే దాన్ని 198.51.100.10కి బైండ్ చేయాలి, అంటే ఆ చిరునామాకే కట్టేయాలి. యూడీపీ (కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) సర్వీసులకి కూడా ఇదే తంటా. అన్ని చిరునామాల మీదా వినే డీఎన్ఎస్ లాంటి సర్వీసు, ప్రశ్న ఏ చిరునామాకి వచ్చిందో చూసుకోకుండా జవాబిస్తే, ఆ జవాబు మొదటి కార్డు చిరునామాతో బయల్దేరుతుంది. క్లయింట్ "నేను అడిగింది నిన్ను కాదు" అని దాన్ని పారేస్తుంది.

మూడోది కంటైనర్లు (సర్వర్ లోపల విడి పెట్టెల్లో నడిచే ప్రోగ్రాములు), నా జుట్టు సగం పీక్కున్నది ఇక్కడే. పోర్టు ఫార్వర్డ్ చేసిన కంటైనర్ నుంచి తిరిగొచ్చే ప్యాకెట్‌కి, రూటింగ్ జరిగే సమయానికి, సోర్స్‌గా కంటైనర్ లోపలి చిరునామానే ఉంటుంది. దాన్ని 198.51.100.10గా మార్చడం రూటింగ్ అయ్యాక, చివర్లో జరుగుతుంది. కాబట్టి మన సోర్స్ రూల్ దానికి తగలదు, జవాబు మళ్లీ మొదటి కార్డులోంచే పోతుంది. ఇలాంటి చోట కనెక్షన్ రెండో కార్డులోంచి వచ్చినప్పుడే కన్‌ట్రాక్‌లో (కెర్నల్ పెట్టుకునే కనెక్షన్ల పట్టికలో) మార్క్ వేసి, జవాబులో ఆ మార్క్‌ని తిరిగి తెచ్చి, ఆ మార్క్ ఉన్నవాటికి టేబుల్ 100 చూపించాలి. రివర్స్ పాత్ ఫిల్టర్ విలువ 2గా ఉంటే పనిచేస్తుంది. కాకపోతే ఆరు నెలల తర్వాత దాన్ని విప్పి చూడాల్సినవాడి మీద జాలితో కామెంట్లు బాగా రాసి పెట్టండి, వాడు మీరే కావచ్చు.

వీఆర్ఎఫ్ (వర్చువల్ రూటింగ్ అండ్ ఫార్వర్డింగ్) సంగతి వేరు. లినక్స్‌లో ఇది 2015లో, కెర్నల్ 4.3తో వచ్చింది. కార్డుని ఒక వీఆర్ఎఫ్‌లో చేర్చితే దాని రూట్లన్నీ విడి టేబుల్‌లోకి పోతాయి, రెండు లోకాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. మేనేజ్‌మెంట్ ట్రాఫిక్ పొరపాటున కూడా ప్రొడక్షన్ లైనులోకి రాకూడదు అన్న పట్టుదల ఉంటే ఇదే శుభ్రమైన దారి. రెండు వైపులా ఒకే ఐపీ రేంజ్ ఉన్నా భరిస్తుంది, ఆ పని సోర్స్ రూల్ చేయలేదు. ఖరీదు ఏమిటంటే, ప్రతి సర్వీసుకీ "నువ్వు ఏ వీఆర్ఎఫ్‌లో ఉంటావు?" అని తేల్చాలి. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సర్వీసునైనా అందులో విడిగా నడపాలి, లేదా వీఆర్ఎఫ్‌లోంచి వచ్చే టీసీపీ కనెక్షన్లు తీసుకోమని కెర్నల్‌కి చెప్పాలి. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ దీనికంటే ఒక అడుగు ముందుకెళ్లి కార్డునే వేరే గదిలో పెట్టేస్తుంది. కార్డు అటు మారగానే దాని ఐపీలు రాలిపోతాయి, మళ్లీ ఇవ్వాలి. ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ని రెండో లైనుకి కట్టేయాలంటే బాగుంటుంది, సర్వర్ మొత్తానికి అనవసరపు శ్రమ.

రెండు కార్డులూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఇవేవీ వద్దు. లినక్స్ తన ఏ ఐపీ గురించి ఏ కార్డులో ఏఆర్‌పీ ప్రశ్న ("ఈ ఐపీ ఎవరిది?" అనేది) వచ్చినా జవాబిచ్చే రకం. స్విచ్, పక్క మెషీన్లు అన్నీ గందరగోళంలో పడతాయి. ఆ అమరికకి బాండింగ్ (రెండు కార్డులనీ ఒకటిగా కట్టడం) ఒక్కటే తగినది. స్విచ్‌ని ముట్టుకునే వీలు లేకపోతే యాక్టివ్-బ్యాకప్ (ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి కాచుకుని ఉంటుంది), ఉంటే 802.3ఏడీ (రెండూ కలిసి పనిచేస్తాయి).

ఏ దారి పట్టినా, సరైందో కాదో చూడ్డానికి ఐపీ రూట్ గెట్ అనే కమాండ్‌ని మించింది లేదు. ఊరికే 203.0.113.50 అని అడగకండి, ఫ్రమ్ 198.51.100.10 అని కూడా చేర్చండి. ఆ సోర్స్ ఇవ్వకపోతే మెయిన్ టేబుల్ జవాబే చెప్పి తప్పుదోవ పట్టిస్తుంది. పాత గైడ్లలో ప్రతి మార్పు తర్వాత రూట్ క్యాష్ (గుర్తుపెట్టుకున్న పాత దారులు) ఫ్లష్ చేయమని ఉంటుంది. ఐపీవీ4 రూట్ క్యాష్‌ని కెర్నల్ 3.6లోనే, అంటే 2012లోనే తీసేశారు. ఐపీవీ6 వాడుతుంటే దాని రూల్స్ విడిగా రాయాలి, ఐపీవీ4వి దానికి అంటవు.

దూరం నుంచి లాగిన్ అయి ఈ పని చేస్తుంటే, మొదలుపెట్టే ముందు పది నిమిషాల తర్వాత రీబూట్ అయ్యేలా షెడ్యూల్ పెట్టుకోండి. ఐపీ కమాండ్‌తో చేసిన మార్పులు రీబూట్‌తో చెరిగిపోతాయి కాబట్టి, తలుపు మీ మీదే మూసుకున్నా సర్వర్ పాత స్థితికి తిరిగొస్తుంది. అంతా బాగుంటే ఆ రీబూట్ రద్దు చేసి, నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్ మేనేజర్‌లోనో శాశ్వతంగా రాయండి. అలా రాశాక ఈసారి కావాలనే ఒకసారి రీబూట్ చేసి చూడండి, కన్సోల్ అందుబాటులో ఉన్న వేళ.