డెక్ పలకలకు చెక్క మేలా, కాంపోజిట్ మేలా?

డాలస్ పరిసరాల్లో ఇల్లు కొనుక్కుని పెరట్లో తొలిసారి డెక్ (స్తంభాలపై పలకలు పరిచి కట్టే అరుగు) కట్టుకోబోయే మిత్రులందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: పైన పరిచే పలకలకు ప్రెజర్ ట్రీటెడ్ పైన్ (కుళ్లు, చెదలు పట్టకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన పైన్ చెక్క) తీసుకోవాలా, కాంపోజిట్ తీసుకోవాలా? పడమటి పెరట్లో 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు డెక్‌ను సొంతంగా కట్టుకున్నప్పుడు ఇదే ప్రశ్న నన్నూ నెల రోజులు వేధించింది. చివరకు పైన్ వైపే మొగ్గాను.

కాంపోజిట్ గొప్పదనాన్ని తక్కువ చేయలేను. రంపపు పొట్టును, ప్లాస్టిక్‌ను కలిపి తయారుచేసిన ఆ పలకలకు పేళ్లు లేవవు, చెదలు పట్టవు, రంగు వేసే పని ఉండదు. చాలా కంపెనీలు 25 ఏళ్లకు తక్కువ కాకుండా హామీ ఇస్తాయి. అయితే ఆ హామీ పలకలకే గాని, వాటిని మోసే దూలాలకూ స్తంభాలకూ కాదు. కాంపోజిట్ డెక్‌కైనా అడుగున ఉండేది సాధారణంగా ట్రీటెడ్ పైనే. పైగా పలకల ఖర్చు పైన్‌కు రెండు మూడింతలవుతుంది.

నా దృష్టిలో అసలు తీర్పు చెప్పేది అరికాలు. మనం చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి తిరిగేవాళ్లం, పైగా ఇక్కడ జులైలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. ఒక మిత్రుడి ఇంట్లో ముదురు గోధుమరంగు కాంపోజిట్ డెక్ మీద, ఎండిన వడియాలు తీయడానికి సాయంత్రం నాలుగింటికి వాళ్లమ్మగారు వట్టికాళ్లతో అడుగుపెట్టి, రెండో అడుగుకే వెనక్కి తిరిగి చెప్పుల కోసం వెళ్లడం నేను కళ్లారా చూశాను. పైన్ కూడా వేడెక్కుతుంది, కాని కాంపోజిట్ కంటే తేలికైన చెక్క కావడంతో ఆ వేడిని పాదానికి అంత త్వరగా అందించదు. లేత రంగు కాంపోజిట్ కొంత నయం.

పైన్‌కు చాకిరీ తప్పదు. కొట్టు నుంచి తెచ్చిన పలకలు తరచూ తడిగానే ఉంటాయి కనుక వాటిని ఆనించి బిగిస్తే, ఆరే కొద్దీ కుంచించుకుని సందులు వాటంతట అవే ఏర్పడతాయి. వాటిపై నీళ్లు చిలకరించినప్పుడు చుక్కలు నిలవకుండా ఇంకిపోతే, స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వేయడానికి పలక సిద్ధమైనట్టే. ఆ తరువాత రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. ట్రీట్‌మెంట్‌లోని రాగి మామూలు ఇనుప స్క్రూలను తినేస్తుంది గనుక హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పెట్టినవి) లేదా స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. ఆర్సెనిక్ భయం ఉన్నవారికి ఒక మాట: ఒకప్పుడు చెక్కకు ఎక్కించే మందులో ఆర్సెనిక్ ఉండేది, ఇళ్ల వాడకానికి ఆ రకం ట్రీట్‌మెంట్‌ను అమెరికాలో 2003 చివరితో ఆపేశారు. అయినా కోసిన ముక్కలను పొయ్యిలో మాత్రం వేయకండి.

ఇక మిగతా చెక్కల్లో సెడార్ అందంగా, సువాసనగా ఉంటుంది, కాని మెత్తన, ధరా ఎక్కువ. ఇపే అనే మరో రకం చెక్క ఎంత గట్టిదంటే ప్రతి స్క్రూకూ ముందుగా రంధ్రం వేయాల్సిందే. తొలిసారి కట్టేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

మీ డెక్ ఇంటికి తూర్పునో, పెద్ద చెట్టు నీడలోనో ఉంటే నిశ్చింతగా కాంపోజిట్ వేసుకోండి. పడమటి ఎండ పడేచోటైతే, కొనడానికి ముందు రెండు రకాల నమూనా ముక్కలూ తెచ్చి, డెక్ రాబోయే చోటే పొద్దుట పక్కపక్కన పెట్టి, సాయంత్రం నాలుగింటికి వాటిపై వట్టి పాదం మోపి చూడండి.